దశమభాగం: కోతలకు ముందు జీతం మీదా, చేతికొచ్చిన దాని మీదా? అప్పుల్లో ఉన్నవాళ్లు ఎంత ఇవ్వాలి?

ఆవగింజ:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా అడగాలనుకుని ఆగిపోయాను. ఎవరైనా వాక్యం తెలిసినవాళ్లు, నాలాంటి పరిస్థితి దాటినవాళ్లు చెప్పండి.

మా ఇంట్లో జీతం ఒక్కటే. అది వంద అనుకోండి. పన్ను, పింఛను నిధి కలిపి ఇరవై ముందే కోసేస్తారు, చేతికి ఎనభై వస్తుంది. అందులో ఇంటి అద్దె ఇరవై, పాత అప్పు వాయిదా ఇరవై ఐదు, అమ్మ మందులకు పన్నెండు. మిగిలిన ఇరవై మూడుతో ఇద్దరు పిల్లలు, తిండి, చదువు, అన్నీ.

మొన్న ఒక ఆదివారం బైబిల్లోని మలాకీ 3వ అధ్యాయం మీద సందేశం విన్నాను. కోతలకు ముందున్న మొత్తం జీతం మీద పదోవంతు, అంటే దశమభాగం, సంఘానికి (చర్చికి) తేవాలని, తేకపోతే దేవుని సొమ్ము దొంగిలించినట్టేనని చెప్పారు. ఇంటికొచ్చి చాలా ఏడ్చాను. ఎందుకంటే అంతకుముందు ఏడు నెలలు అలాగే ఇచ్చాం. ఎనిమిదో నెలలో అమ్మ మందులు క్రెడిట్ కార్డు మీద కొన్నాం. ఆ వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాం. ఇప్పుడు దశమభాగం ఆగిపోయింది. అప్పు తీరాక మొదలుపెడదాం అని మా ఆయన అంటారు. నాకు మాత్రం కానుక పెట్టె దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తబుద్ధి కావడం లేదు.

నా ప్రశ్నలు మూడు. పదోవంతు దేని మీద లెక్కవేయాలి? అప్పు ఉన్నప్పుడు ఇవ్వాలా? అమ్మకు పెట్టే ఖర్చు అందులోకి వస్తుందా?

మూలరాయి:
చెల్లీ, ధైర్యంగా ఉండు. నేను 22 ఏళ్లుగా కోతలకు ముందు జీతం మీదే ఇస్తున్నాను. సామెతలు 3:9 ప్రకారం ప్రథమఫలం దేవునిది. పన్నువాడు మనకంటే ముందు తన వాటా తీసుకుంటున్నాడు కదా, మరి దేవుడు అతని తర్వాత వరుసలో నిలబడాలా? అన్ని ఖర్చులూ అయ్యాక మిగిలిన దాంట్లో ఇద్దామనుకుంటే ఏ నెలా ఏమీ మిగలదు. ముందు తీసి పక్కన పెడితే మిగతాది ఎలాగో సర్దుకుంటుంది. నా జీవితంలో నేను చూసిన సంగతే చెబుతున్నాను.

లేఖన విద్యార్థి:
మూలరాయి అన్నయ్య విశ్వాసం మీద నాకు గౌరవం ఉంది. కానీ సిస్టర్ ఏడ్చింది ఆ సందేశం విని కాబట్టి, ముందు ఆ వచనాలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

మోషే ధర్మశాస్త్రంలో పదోవంతు జీతం మీద వేసిన లెక్క కాదు. లేవీయకాండము 27:30-32లో భూమి పంట, చెట్ల పండ్లు, పశువులు, గొర్రెలు ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 14లో ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఉన్నాయి. కూలి మీద, చేతివృత్తి సంపాదన మీద పదోవంతు అని ఎక్కడా రాయలేదు. పశువుల సంగతి ఇంకా శ్రద్ధగా చదవండి. కాపరి కర్ర కింద నుంచి మంద దాటుతుంటే ప్రతి పదోది యెహోవాది. మొదటిది కాదు, పదోది. తొమ్మిది గొర్రెలున్న ఇంట్లో పదోదే ఉండదు.

అది ఎవరికి వెళ్లేది? సంఖ్యాకాండము 18 ప్రకారం దేవుని మందిర సేవ చేసే లేవీయులకు, ఎందుకంటే ఆ గోత్రంవాళ్లకు భూమిలో స్వాస్థ్యం, అంటే వాటా, లేదు. ఆ లేవీయులు కూడా తమకు వచ్చిన దానిలో పదోవంతు యాజకుడైన అహరోనుకు ఇవ్వాలి.

నేను మొదటిసారి చదివి ఆశ్చర్యపోయింది ద్వితీయోపదేశకాండము 14:22-29. ఏటా తీసిన పదోవంతును ఆ కుటుంబమే దేవుని సన్నిధికి తీసుకెళ్లి, ఇంటివాళ్లంతా కలిసి తిని సంతోషించాలి. దారి దూరమైతే దాన్ని అమ్మి, వెండి పట్టుకెళ్లి, అక్కడ మనసుకు నచ్చింది కొనుక్కోవచ్చు. లేవీయుణ్ణి మాత్రం మరచిపోకూడదు. మూడో ఏట ఆ పదోవంతును తమ ఊళ్లోనే ఉంచాలి. లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాళ్లు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తిపొందాలి. సిస్టర్, మీ అమ్మగారు పదోవంతు ఎత్తుకుపోతున్న మనిషి కాదు. మూడో ఏట ఆ భోజనానికి పిలుపు అందుకునేవాళ్లలో ఆమెలాంటివాళ్లే ఉండేవారు.

మూలరాయి:
తమ్ముడూ, ఇది ధర్మశాస్త్రంతో మొదలైంది కాదు. అబ్రాహాము షాలేము రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదెకుకు పదోవంతు ఇచ్చింది ధర్మశాస్త్రానికి నాలుగు వందల ఏళ్లకు పైగా ముందు. యాకోబు బేతేలులో పదోవంతు ఇస్తానని మొక్కుకున్నదీ ముందే. ధర్మశాస్త్రం పోయినా విశ్వాసుల తండ్రి చూపిన మాదిరి పోదు కదా. ప్రభువు కూడా మత్తయి 23:23లో పుదీన, సోపు, జీలకర్రలో పదోవంతు ఇచ్చే పరిసయ్యులతో, అంటే ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటించే యూదులతో, ఇవి మానకుండానే వాటిని చేయాల్సింది అన్నాడు.

లేఖన విద్యార్థి:
అబ్రాహాము సంగతి ఒప్పుకుంటాను, కానీ అక్కడ ఉన్నంతే చదవాలి. ఆయన ఇచ్చింది యుద్ధంలో కొల్లగొన్న దానిలోంచి. నెలనెలా ఇచ్చినట్టు లేఖనంలో లేదు. మిగతా సొమ్ములో తనకోసం నూలుపోగైనా, చెప్పుల వారైనా తీసుకోనని సొదొమ రాజుతో అన్నాడు. ఆ మాదిరినే పట్టుకుంటే మిగతా తొంభై కూడా వదులుకోవాలి. హెబ్రీయులకు 7వ అధ్యాయం ఆ సంగతి ఎత్తింది మెల్కీసెదెకు ఎంత గొప్పవాడో చూపడానికి, మనకు శాతం చెప్పడానికి కాదు.

మత్తయి 23:23లో ప్రభువు మాట్లాడుతున్నది ఇంకా దేవాలయం నిలిచి ఉన్న రోజుల్లో, ధర్మశాస్త్రం కింద ఉన్న పరిసయ్యులతో. ఆ వచనంలో ప్రధానమైనవని ఆయన చెప్పినవి న్యాయం, కనికరం, విశ్వాసం. అపొస్తలుల కార్యములు 15లో అన్యజనుల్లోంచి (యూదులు కానివాళ్లలోంచి) వచ్చిన విశ్వాసుల మీద ఏ భారం పెట్టాలో తేల్చి ఉత్తరం రాసినప్పుడు, పదోవంతు ఆ జాబితాలో లేదు.

కుండలో నూనె:
నేను పాస్టర్ కూతుర్ని. కొత్త నిబంధనలో పదోవంతు లేదు అనే మాట వినగానే నాకు గుండె బరువెక్కుతుంది. ఎందుకో చెబుతాను, ఓపికగా చదవండి.

మా నాన్నగారు 31 ఏళ్లు ఒక చిన్న సంఘంలో సేవ చేశారు. ఒకసారి ఎవరో వచ్చి సంఘంలో ఇదే బోధించారు. పదోవంతు లేదు, హృదయంలో నిశ్చయించుకున్నంత ఇస్తే చాలు అన్నారు. వాక్యంగా అది తప్పు కాదు. కానీ వందకు పది ఇచ్చినవాళ్లు రెండుకు దిగారు. రెండు ఇచ్చినవాళ్లు మానేశారు. పదిహేనుకు పెంచినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ ఏడాది నాన్న పగలు ఇంకో పని చేసి, రాత్రుళ్లు రోగుల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసేవారు. నెహెమ్యా 13:10లో లేవీయులకు రావాల్సిన వాటాలు అందక తమ పొలాలకు పారిపోయారని ఉంటుంది. ఆ వచనం మా ఇంట్లో చదివినప్పుడు అమ్మ చదవడం ఆపేసింది.

సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వలన జీవించాలని 1 కొరింథీయులకు 9:14లో రాసిన పౌలు కూడా కొత్త నిబంధనవాడే. అప్పుల్లో ఉన్నవాళ్లను పిండమని నేను అనడం లేదు. ఆవగింజ అక్కా, మీరు ఏడవాల్సిన అవసరం లేదు. కానీ ఈ చర్చ చదివి, ఏ అప్పూ లేనివాళ్లు ఊపిరి పీల్చుకుని చేయి ముడుచుకుంటారేమో అని నా భయం.

లెక్కల తిమోతి:
కుండలో నూనె సిస్టర్ చెప్పింది నిజం. మా సంఘానికి 9 ఏళ్లు కోశాధికారిగా ఉన్నాను. నేను చూసింది కూడా అదే. శాతం వదిలేసినవాళ్లలో ఎక్కువమంది కిందికే వెళ్లారు. అందుకే పది అనే అంకెను చట్టంగా కాకుండా కొలబద్దగా పెట్టుకోమంటాను. ఇక లెక్క సంగతి.

వంద జీతంలో ఇరవై కోత. కోతకు ముందు లెక్కిస్తే పది, చేతికొచ్చిన దాని మీద లెక్కిస్తే ఎనిమిది. మొత్తం తేడా రెండు. ఈ రెండు కోసం ఎవరి రక్షణా ఆగిపోదు. చేతికొచ్చిన దాని మీద ఇచ్చేవాళ్లు, పింఛను నిధి రేపు చేతికి వచ్చినప్పుడు దాని మీద ఇవ్వవచ్చు. ముందే మొత్తం మీద ఇచ్చినవాళ్లు, దాచిన ఆ సొమ్ము తిరిగొచ్చినప్పుడు మళ్లీ ఇవ్వక్కర్లేదు, దాని మీద పెరిగినదానికే లెక్క. వ్యాపారం ఉన్నవాళ్లు అమ్మకం మీద వేసుకుని బెంబేలెత్తుతుంటారు. వెయ్యికి అమ్మి, సరుకుకీ పనివాళ్లకీ ఎనిమిది వందల యాభై పోతే, ఆదాయం నూట యాభై. పదోవంతు పదిహేను, వంద కాదు. తీసుకున్న అప్పు ఆదాయం కాదు, దాని మీద ఏమీ లేదు.

ఇప్పుడు సిస్టర్ విషయం. ఎనిమిదో నెలలో మందులు కార్డు మీద కొన్నారంటే, అప్పటివరకు మీరు ఇచ్చిన కానుకకు సొమ్ము కార్డు కంపెనీ సర్దిందన్నమాట. దాని వడ్డీ మీరు ఇప్పటికీ కడుతున్నారు. 2 కొరింథీయులకు 8:12లో మనకు కలిగిన కొలదే ఇచ్చింది ప్రీతికరం, లేనిదాని కొలది కాదు అని ఉంది. ఎవరైనా నా దగ్గరికి వచ్చి అప్పు చేసి దశమభాగం తెచ్చానంటే, కవరు తిరిగి చేతిలో పెట్టి ముందు అప్పు తీర్చమంటాను. రెండుసార్లు అలా చేశాను కూడా.

ఇంకొక మాట. ఎంత ఇవ్వాలో గట్టిగా చెప్పే సంఘం, వచ్చింది ఎటు పోయిందో కూడా అంతే గట్టిగా చెప్పాలి. 2 కొరింథీయులకు 8:20-21లో పౌలు తన మీద ఎవరూ తప్పు మోపకుండా, ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా జాగ్రత్తపడ్డాడు. చందా మోసుకెళ్లడానికి సంఘమే యోగ్యులని ఎంచినవాళ్లను పంపాడు. మా దగ్గర మూడు నెలలకోసారి లెక్క చదువుతాం. చదవడం మొదలుపెట్టాక కానుకలు తగ్గలేదు, పెరిగాయి.

ఎండిన నేల:
కొంచెం కోపంగా రాస్తున్నాను, క్షమించండి. మా చిన్నాన్నకు జబ్బు చేసినప్పుడు, దశమభాగం ఎగ్గొట్టావు కాబట్టే ఇది వచ్చింది అని ఒక దైవసేవకుడు మంచం పక్కన నిలబడి చెప్పాడు. ఆ మనిషి చివరి నెలల్లో నొప్పి కంటే ఆ మాటతోనే ఎక్కువ నలిగిపోయాడు. అప్పటినుంచి మలాకీ చిన్న పుస్తకమంతా ఎన్నిసార్లు చదివానో.

మొదటి అధ్యాయంలో దేవుడు మందలిస్తున్నది గుడ్డివీ కుంటివీ రోగంతో ఉన్నవీ బలిపీఠం మీద పెడుతున్న యాజకులను. రెండో అధ్యాయం మొదటి మాటే యాజకులారా అని. మూడో అధ్యాయంలో ఎనిమిదో వచనానికి ముందు ఐదో వచనం ఉంది. కూలివాళ్ల కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాండ్రనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద తానే సాక్ష్యం చెబుతానంటాడు దేవుడు. "మానవుడు దేవునియొద్ద దొంగిలునా?" అనే వచనం, దాని వెంటే వచ్చే శాపం మాట వందసార్లు విన్నాను. ఐదో వచనం మీద ఒక్క సందేశం వినలేదు. క్రీస్తు మనకోసం శాపమై మనల్ని ధర్మశాస్త్రపు శాపం నుంచి విమోచించాడని గలతీయులకు 3:13లో ఉంది. విమోచించబడ్డ మనిషి మంచం దగ్గరికి శాపాన్ని మళ్లీ మోసుకొచ్చే హక్కు ఎవరికీ లేదు.

తనకున్న రెండు కాసులూ కానుక పెట్టెలో వేసిన విధవరాలి కథ కూడా మార్కు 12:41 నుంచే చదువుతాం. ముందు వచనంలోనే విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్ర బోధకుల) గురించి ప్రభువు హెచ్చరించాడు. రెండూ కలిపి చదవండి.

మూలరాయి:
తమ్ముడూ, మీ చిన్నాన్నగారి విషయం చదివి చాలా బాధపడ్డాను. అది చెప్పకూడని మాట. నేను ఇచ్చేది శాపానికి భయపడి కాదు, ఎప్పుడూ కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 22 ఏళ్లు అన్నానే, ఆ మధ్యలో 14 నెలలు నాకు ఉద్యోగం లేదు. వచ్చినదానిలో పదోవంతు ఇచ్చాను, ఏమీ రాని నెలల్లో ఏమీ ఇవ్వలేదు. ఆ నెలల్లో సంఘమే మా ఇంటికి కావాల్సినవి పంపింది. కాబట్టి ఆవగింజ చెల్లికి నేను మొదట రాసిన జవాబు తొందరలో రాశాను. ముందు తీసి పక్కన పెట్టమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఎంత అన్నది నీ పరిస్థితి చూసి పెట్టుకో.

పాత పుటలు:
చరిత్ర వైపు నుంచి కొంచెం. మొదటి శతాబ్దాల సంఘంలో పదోవంతు తప్పనిసరి చట్టంగా లేదు. 2వ శతాబ్దంలో బిషప్ ఐరేనియస్, యూదులు పదోవంతు ప్రతిష్ఠిస్తే స్వాతంత్ర్యం పొందినవాళ్లు తమకున్నదంతా ప్రభువు పనికి ఉంచుతారు అనే అర్థంలో రాశాడు. ఆయన ఆలోచనలో స్వాతంత్ర్యం అంటే తగ్గించుకోవడం కాదు. తర్వాత 585లో ఇప్పటి ఫ్రాన్సులోని మాకాన్‌లో కూడిన సంఘ పెద్దల సభ పదోవంతు ఇవ్వనివాళ్లను సంఘం నుంచి వెలివేస్తామంది. 779లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని రాజ్య చట్టం చేశాడు. అక్కడినుంచి అది పన్నులా మారింది, రైతులు దాన్ని పన్నులాగే ద్వేషించారు. ఫ్రాన్సు 1789 విప్లవంలో రద్దు చేసింది. ఇంగ్లండు 1836లో పంట రూపంలో తీసుకోవడం మాన్పించి డబ్బు చెల్లింపుగా మార్చింది. బలవంతంగా వసూలు చేసిన చాలాచోట్ల అది చివరికి సంఘం మీద కోపంగానే తేలింది.

నాకు ఎక్కువగా గుర్తుండేది మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో చెప్పిన సంగతి. ఆక్స్‌ఫర్డ్ మెథడిస్టు ఒకరికి ఏడాదికి 30 పౌన్లు వచ్చేవి. 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. మళ్లీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. మూడో ఏడు 90లో 62, నాలుగో ఏడు 120లో 92. మొదటి ఏడు ఆయన ఇచ్చింది పదోవంతు కూడా కాదు, పదిహేనో వంతు. నాలుగో ఏడు ముప్పావు కంటే ఎక్కువ. ఆయన ఇచ్చేదాన్ని శాతంగా పెట్టుకోలేదు, తన బతుకు ఖర్చును ఒకచోట ఆపుకున్నాడు. జీతం పెరిగిన ప్రతిసారీ ఇల్లు, బండి పెంచుకుంటూ అదే పది దగ్గర ఆగిపోయిన మాలాంటివాళ్ల ముందు పెట్టాల్సిన లెక్క ఇది. ఆవగింజ గారి ముందు కాదు.

ఆవగింజ:
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. మా ఆయన, నేను కలిసి కూర్చుని మొత్తం చదివాం. అమ్మ ఖర్చు సంగతి ఇంకా తేలలేదు. అది దశమభాగంలోకి వస్తుందా రాదా?

లేఖన విద్యార్థి:
మార్కు 7:11-13 చూడండి. అమ్మానాన్నలకు ఉపయోగపడాల్సింది కొర్బాను అని, దేవునికి అర్పితమని చెప్పి వాళ్లకు ఏమీ చేయకుండా ఉండనిచ్చినవాళ్లను ప్రభువు తప్పుపట్టాడు. తన ఇంటివాళ్లను సంరక్షించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని 1 తిమోతి 5:8. కాబట్టి అమ్మ మందులు ముందు. అదీ దేవునికి ఇచ్చినట్టే అని నేను అంటాను.

మూలరాయి:
ఇక్కడ నేను వేరే మాట చెబుతాను. అమ్మ మందులు కొనడం కొడుకూ కూతురూ చేయాల్సిన బాధ్యత. దానికి దశమభాగం అని పేరు పెట్టుకోకు చెల్లీ. పిల్లల ఫీజుకీ రేపు అదే పేరు పెట్టాలనిపిస్తుంది. అమ్మ ఖర్చు తీసేశాక మిగిలినదాని మీద లెక్క వేసుకో, అందులో తప్పు లేదు.

లెక్కల తిమోతి:
నేను అన్నయ్య వైపే. చేతికొచ్చే ఎనభైలోంచి మందులు, వాయిదా తీస్తే నలభై మూడు. దాని మీద పదోవంతు నాలుగు పైచిలుకు. ఆ నాలుగు మోయగలరా చూసుకోండి, లేకపోతే రెండుతో మొదలుపెట్టండి. పౌలు ఆదివారం ఆదివారం, ప్రతివాడూ తాను వర్ధిల్లిన కొలది తీసి పెట్టాలి అన్నాడు. వర్ధిల్లడం ఎప్పుడు పెరిగితే అప్పుడు పెంచండి. పెంచడం మాత్రం మరచిపోకండి.

కుండలో నూనె:
అక్కా, మీ పాస్టర్ గారితో ఒకసారి నేరుగా మాట్లాడండి. మా నాన్న ఎన్నోసార్లు అనేవారు, ఇవ్వలేక ముఖం చాటేసినవాళ్ల ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ తనకు చెప్పలేదే అని.

ఆవగింజ:
పది రోజుల తర్వాత వస్తున్నాను. చేతికొచ్చిన ఎనభైలో నాలుగు అనుకున్నాం. జీతం పడిన రోజే తీసి పక్కన పెట్టాం. మూడు సంఘానికి, ఒకటి మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడకు. కార్డు బాకీ 11 నెలల్లో తీరుతుంది, అప్పుడు ఆరు చేస్తాం. వాయిదా తీరాక పది. ఇదంతా కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టుకున్నాం. నిన్న పాస్టర్ గారి ఇంటికి కూడా వెళ్లాం. ఆయన అంకె అడగలేదు, అమ్మకు ఏ మందులు వాడుతున్నారని అడిగారు.

ఒక్క టెన్షన్ మిగిలింది. ఆపేసిన నెలల దశమభాగం బాకీగా ఉంటుందని, ఐదోవంతు కలిపి తీర్చాలని ఒకరు చెప్పారు. లేవీయకాండము 27:31 చూపించారు.

లేఖన విద్యార్థి:
ఆ వచనం బాకీ గురించి కాదు సిస్టర్. పదోవంతుగా తీసిన ధాన్యాన్నో పండ్లనో ఇవ్వకుండా తనకే ఉంచుకుని, బదులు డబ్బు ఇవ్వాలనుకునేవాడు దాని వెలకు ఐదోవంతు కలపాలి. విడిపించుకోవడం అనే మాట అక్కడ ఉంది, చూడండి. ఇవ్వలేకపోయిన నెలల మీద వడ్డీ వేయమని అందులో లేదు. మీకు ఏ బాకీ లేదు.

మూలరాయి:
లేదు చెల్లీ. నా ఆ 14 నెలలకు నన్ను కూడా ఎవరూ అడగలేదు.